సావనీర్‌లో అచ్చుకాని సింగపూర్

(పేట కబుర్లు – 23)

బళ్ళో మనందరి చేతా రాయించిన వ్యాసం ఒకటుంది. "నేను చేసిన విహారయాత్ర". ఏడో తరగతిలో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి, టెన్త్‌లో మళ్ళీ. విహారయాత్ర చేయని పిల్లలు కూడా రాయాల్సిందే, లేకపోతే పది మార్కులు పోతాయి. గైడ్‌లో ఉన్న తిరుపతినో అరకునో చూసి దింపేవాళ్ళం. బస్సెక్కినట్టు, పులిహోర తిన్నట్టు, ఉపాధ్యాయులు మమ్ములను జాగ్రత్తగా చూసుకున్నట్టు. తెలుగు వచనంలో నా మొదటి కల్పన అదే.

ఇప్పుడు డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్తున్నా కాబట్టి ఆ వ్యాసం ఇచ్చే వంతు నాకొచ్చింది. నేను కొంచెం మార్చి ఇస్తున్నా: మీరు నిజంగా చేసిన ఒక ప్రయాణం రాయండి, ఎంత చిన్నదైనా సరే. చాలామంది రాసేది ఒకటే ప్రయాణం. ఐదో తరగతిలో ట్రంకు పెట్టె, బకెట్టు, దుప్పటి పట్టుకుని గురుకులానికి వెళ్ళిన రోజు. గేటు దగ్గర అమ్మ వెనక్కి తిరిగి చూసిందా లేదా అన్నది ప్రతి పేపర్లోనూ ఉంటుంది. ఆ పేపర్లు దిద్దడం కష్టం. ఏం దిద్దుతాం?

ఈసారి ఒక పేపరు వేరేగా వచ్చింది. పదకొండు పేజీలు. సింగపూర్ గురించి.

రాసిన అమ్మాయిని అడిగి, ఆమె సరేనన్నాకే ఇదంతా చెప్తున్నా. పేరూ ఊరూ చెప్పను. కోనసీమ, మాదిగ ఇల్లు. నాన్నది కొబ్బరికాయలు ఒలిచే పని, అమ్మ కువైట్‌లో ఇంటిపని. 2019 చివర్లో, తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, గురుకులాల పిల్లల్ని కొందరిని ఏరి వారం రోజులు సింగపూర్ తీసుకెళ్ళారు. అందులో ఈమె ఒకతి.

ఈ యాత్ర మీద ఆమె అప్పుడే ఒక వ్యాసం రాసింది. బడి సావనీర్ కోసం ఆరు పేజీలు ఇస్తే అరపేజీ అచ్చయింది. ఆ కాగితం కూడా నాకు చూపించింది. విమానం మేఘాల మీద ఎగిరింది. నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ చూశాము. రోడ్లు అద్దంలా ఉన్నవి. తర్వాత నాలుగు వాక్యాలు కృతజ్ఞతలు, హోదాల వరసలో. పక్కనే ఫొటో: ఒకే రంగు టీషర్టుల్లో పిల్లలు, మధ్యలో పెద్దలు. ఫొటోలో ఆమె ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే గానీ కనపడలేదు.

"మిగతా అయిదున్నర పేజీల్లో ఏముందే?" అన్నాను. "అవే మీకు రాసి ఇచ్చానండి మేడం, ఇంకొంచెం కలిపి" అంది.

ఆమెకి అన్నిటికంటే బాగా గుర్తున్నది తిండి. హాకర్ సెంటర్ అంటే ఒకే కప్పు కింద వరసగా తిండి కొట్లు, మధ్యలో బల్లలు. ఎవరి దగ్గర కావాలంటే వాళ్ళ దగ్గర కొనుక్కుని, ఖాళీగా ఉన్న కుర్చీలో కూచుని తినడమే. బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టి వెళ్తే ఆ చోటు మనదని అర్థమట, ఇంకెవరూ కూచోరు. ఇక్కడ ఆమె రాసిన వాక్యం: "ఈ రిజర్వేషన్‌ని మాత్రం ఎవరూ తిట్టుకోరు." ఎర్ర పెన్ను పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను.

ఆమె కూచున్న బల్ల దగ్గరికి ఒక చైనా ముసలావిడ గిన్నె పట్టుకుని వచ్చి, ఎదురుగా కూచుని, నూడుల్స్ తిని, వెళ్ళిపోయిందట. అంతే. జరిగింది ఇంకేం లేదు. కానీ ఆవిడ లేచేదాకా ఈ పిల్ల ముద్ద మింగలేకపోయింది. లేచి నిలబడాలా, పక్కకి జరగాలా తెలియలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల ఒంట్లో ఆ లేచి నిలబడే అలవాటు ఎప్పుడు చేరిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తిన్నాక ట్రేలు పెట్టే చోట రెండు వరసలు కనిపించాయి. ఒకటి హలాల్, ఒకటి హలాల్ కానిది. చూడగానే గుండె జారిందంటుంది. మా ఊళ్ళో టీ కొట్టు గుర్తొచ్చింది అని రాసింది. (రెండు గ్లాసుల పద్ధతి పోయిందనుకునే మిత్రులకి: పేపరు కప్పు వచ్చాక అది కనపడటం మానేసింది, అంతవరకే.) కాసేపు అక్కడే నిలబడి చూసిందట. ఏ మనిషైనా ఏ కొట్లోనైనా కొనుక్కోవచ్చు. పంది మాంసం తగిలిన గిన్నె ఇటు, తగలనిది అటు. "గిన్నెల్ని వేరు పెడుతున్నారు, మనుషుల్ని కాదు" అని రాసింది. అంటరానితనం మీద సెమినార్ పేపర్లు చాలా విన్నాను, కొన్ని నేనే చదివాను. ఇంత సూటిగా తేడా పట్టుకున్న వాక్యం గుర్తులేదు.

సావనీర్‌లో ఇది లేదు. ఎందుకు తీసేశారో ఊహించగలను. "రోడ్లు అద్దంలా ఉన్నవి" అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. టీ కొట్టు గుర్తొచ్చిందంటే ఏ ఊరు, ఏ కొట్టు అని అడగాల్సొస్తుంది.

నాలుగో రోజు సాయంత్రం అక్కడున్న మన తెలుగువాళ్ళు పిల్లలకి భోజనం పెట్టారు. ప్రేమగానే పెట్టారు, అందులో అనుమానం లేదు. గుత్తి వంకాయ, పప్పుచారు, గారెలు. ఐదు రోజుల తర్వాత అన్నం దొరికినంత సంబరమైందట, నిజానికి నాలుగు రోజులే. వడ్డిస్తున్న ఒకావిడ పక్కన కూచుని పేరడిగింది. తర్వాత ఇంటిపేరు. తర్వాత ఊరు. తర్వాత, "ఊళ్ళో ఎక్కడుంటారమ్మా మీరు?"

ఈ ఆఖరి ప్రశ్న తెలియని దళిత పిల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉండదు. ఊరు పేరు చెప్తే చాలదు. రామాలయం వైపా, చెరువు అవతలా అన్నది తేలాలి. "పేటలో అండి" అంది మా అమ్మాయి. ఆవిడ ముఖం మారలేదు, విసుక్కోలేదు. "ఓహో, గవర్నమెంటు పంపిస్తే వచ్చారు కదూ, అదృష్టవంతులు" అని తల నిమిరి పక్క పిల్ల దగ్గరికి వెళ్ళింది. నాలుగు రోజుల్లో చైనావాళ్ళు అడగలేదు, మలయ్‌వాళ్ళు అడగలేదు, బస్సు నడిపిన తమిళాయన అడగలేదు. అంత దూరాన గారె వడ్డిస్తూ మనమే అడిగాం.

బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్ళకి ఈపాటికి అది గుర్తొచ్చే ఉంటుంది. చదవనివాళ్ళు చదవండి, చిన్న పుస్తకం. అందులో మొదటిది ఒక బడిపిల్లాడి సెలవుల ప్రయాణమే. 1901. తొమ్మిదేళ్ళ భీముడు, అన్న, అక్కల పిల్లలు కొత్త బట్టలు, జరీ టోపీలు వేసుకుని నాన్న దగ్గరికి గోరెగావ్ బయలుదేరతారు. బట్టలు చూసి మర్యాదగా పలకరించిన స్టేషన్‌మాస్టర్, మహర్లమని చెప్పగానే అయిదడుగులు వెనక్కి వేస్తాడు. ఏ బండివాడూ ఎక్కించుకోడు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి పిల్లలే బండి తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. రాత్రంతా తాగడానికి నీళ్ళు దొరకవు. తర్వాతి ఘట్టం ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివి తిరిగొచ్చాక బరోడాలో. అయిదేళ్ళు బయట ఉండేసరికి తాను అంటరానివాణ్ణన్న సంగతే మనసులోంచి చెరిగిపోయిందంటాడు. రైలు దిగి, ఎక్కడ దిగాలి, ఎవరు చోటిస్తారు అనుకున్నప్పుడు గానీ గుర్తురాలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో చేరితే పదకొండో రోజున కర్రలతో వచ్చి గెంటేశారు.

మా అమ్మాయికి బాబాసాహెబ్ అయిదేళ్ళ బదులు నాలుగు రోజులు దొరికాయి. బరోడా దాకా రావక్కర్లేకుండా అక్కడికే బరోడా వచ్చింది.

సింగపూర్‌ని స్వర్గం చేసి చూపిస్తున్నానని అనుకోవద్దు. ఆమె కూడా చూపించలేదు. కానీ గైడు చెప్పిన ఒక సంగతి ఆమెను పట్టుకుంది, నన్నూ పట్టుకుంది. అక్కడ పదిమందిలో ఎనిమిది మంది దాకా ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. 1989 నుంచి ఒక నియమం ఉంది: ఒక్కో బిల్డింగులో, ఒక్కో పేటలో చైనావాళ్ళు, మలయ్‌వాళ్ళు, ఇండియన్లు ఎంతెంత మంది ఉండొచ్చో పరిమితి. ఒక జాతివాళ్ళంతా ఒకచోట పోగుపడకూడదని. దీనికి లోపాలున్నాయి. మైనారిటీవాళ్ళు ఫ్లాటు అమ్ముకోవాలంటే కొనేవాళ్ళు తక్కువై ధర పడిపోతుందని అక్కడ పాత ఫిర్యాదు. జాతి లెక్క చూస్తారు గానీ "ఇండియన్" అన్న గడిలో కులం వాళ్ళకి కనపడదు, గారెల భోజనంలో చూశాం కదా. అయినా, పక్కపక్కన ఉండండని ప్రభుత్వమే చెప్పడం అన్న ఊహ ఆ పిల్లకి విమానం కంటే పెద్ద వింత.

మన దగ్గర ప్రభుత్వం ఇళ్ళు కడితే ఏం చేస్తుంది? ఊరికి ఎడంగా స్థలం కొని, కాలనీ వేసి, మొదట్లో "ఎస్సీ కాలనీ" అని బోర్డు పెడుతుంది. పూర్వం మనుస్మృతి చేసిన పనికి ఇప్పుడు లేఅవుట్ ప్లాను, బిల్లులు, శిలాఫలకం. అమరావతిని సింగపూర్ చేస్తామని సింగపూర్ సంస్థలతో మాస్టర్‌ప్లాను గీయించుకున్నాం. అదే రాజధానిలో పేదవాడికి సెంటు స్థలం ఇవ్వొచ్చా లేదా అని ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నాం. ఆ నగరం నుంచి ఎత్తు మేడలు తెచ్చుకోవాలనుకున్నవాళ్ళు ఆ ఒక్క నియమం గురించి మాట్లాడగా మీరెవరైనా విన్నారా?

ఇక ఆమె చూసిన ఇంకో సింగపూర్. పొద్దున్నే బస్సులో వెళ్తుంటే పక్కన లారీ. వెనక తొట్టిలో మనుషులు, నీలం బట్టలు, హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. సిగ్నల్ దగ్గర రెండు బళ్ళూ ఆగాయి. లారీలో ఒకాయన ఫోనులో తెలుగు మాట్లాడుతున్నాడు. పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆయన అటూ ఇటూ చూసి, తనకే అని తెలిశాక ఊపాడు. బిల్డింగులు కట్టే ఈ మనుషులు ఆ ఫ్లాట్లలో ఉండరు. ఊరి చివర డార్మిటరీల్లో ఉంటారు. వాళ్ళకి ఆ 1989 నియమం వర్తించదు. మరుసటి ఏడు కరోనా వచ్చినప్పుడు సింగపూర్ కేసుల్లో అత్యధికం ఆ డార్మిటరీలవే. ఆయనెలా ఉన్నాడో అని అప్పుడు హాస్టల్ మూసేసి ఇంటికి పంపించిన రోజుల్లో అనుకునేదట.

ఆ లారీ దగ్గర ఆమె వ్యాసం సింగపూర్ వదిలేసి కువైట్ వెళ్ళిపోతుంది. "మా అమ్మ కూడా ఫారిన్‌లోనే ఉంటుంది. నాకు వారం రోజులకి పదకొండు పేజీలు వచ్చాయి. అమ్మకి తొమ్మిదేళ్ళకి ఒక పేజీ కూడా రాదు."

ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

ఆమె సింగపూర్ పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి. అమ్మ కువైట్‌లో. అమ్మ పాస్‌పోర్టు ఆ ఇంటి యజమానురాలి బీరువాలో. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ళ కోసం ఒక చట్టం చేసింది, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదనీ వారానికో సెలవు ఇవ్వాలనీ అందులో ఉంది. చట్టం కాగితం మీద ఉంది, పాస్‌పోర్టు బీరువాలో ఉంది. కూతురు విమానమెక్కడానికి సంతకం పెట్టడం కోసం ఆ తల్లి తన సొంత పాస్‌పోర్టు తనకి చూపించమని మూడు వారాలు బతిమాలింది.

కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళ కథ మనలో చాలామందికి ఇంటి కథే. టెన్త్ పాసవని మనిషి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర పడుతుంది. గల్ఫ్‌తో సహా పద్దెనిమిది దేశాలకి పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలి. ఆడవాళ్ళకైతే ముప్పై ఏళ్ళు నిండాలి. రక్షణ కోసమే అంటారు. అనుమతి దొరకనివాళ్ళు ఏజెంటు చేతిలో విజిటింగ్ వీసా మీద వెళ్తారు, ఆ రక్షణ కూడా ఉండదు. పద్దెనిమిది లోపు పిల్లలకి ఆ ముద్ర పడదు. అందుకని ఒకే ఇంట్లో తల్లి పాస్‌పోర్టు మీద ముద్ర ఉంది, కూతురి దాని మీద లేదు. తొమ్మిదేళ్ళలో ఆవిడ చూసిన కువైట్ ఒక వంటిల్లు, నాలుగు బాత్‌రూములు, వాళ్ళ పిల్లల్ని బీచికి తీసుకెళ్ళినప్పుడు కారు అద్దంలోంచి సముద్రం.

యాత్రాసాహిత్యం గురించి మేం క్లాసులో చెప్పేటప్పుడు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రతో మొదలుపెడతాం. 1830లో చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీకి బయలుదేరి మరుసటేడు తిరిగొచ్చాడు. గొప్ప పుస్తకమే, ఏ ఊళ్ళో బియ్యం ఏ ధరో కూడా ఉంటుంది. పల్లకీ మోసిన బోయీలు కూడా అదే కాశీకి వెళ్ళారు, అదే దారిలో వచ్చారు. వాళ్ళకి ఆ ప్రయాణం భుజం నొప్పి. పుస్తకం కాలేదు. 1941లో జాషువా గారికి కాశీకి పంపడానికి మనిషి దొరకలేదు. ఆయన కథానాయకుడు గుళ్ళోకి అడుగు పెట్టలేడు కాబట్టి గబ్బిలాన్ని పంపాడు. ఎగరగలిగింది అదొక్కటే. వ్యాసంలో నేను మొదట్లో చెప్పిన "విహారయాత్ర" మాట వెనక ఇంత ఉంది. వెళ్ళడం వేరు, వెళ్ళొచ్చానని చెప్పుకునే తీరిక, హక్కు, వినే చెవి ఉండటం వేరు.

ఇప్పుడు అసలు సంగతి. మన పిల్లల్ని విదేశాలకి పంపొద్దని నేననడం లేదు. ఇంకా ఎక్కువమందిని పంపాలి. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కినప్పుడు నేను వీధిలోకొచ్చి అరిచాను. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల నుంచి పదిమంది ఐక్యరాజ్యసమితి చూడటానికి న్యూయార్క్ వెళ్ళారు. ఆ పిల్లల ఇంగ్లీషు యాస మీద, బట్టల మీద వెకిలి మాటలు రాసిన పెద్దమనుషుల్ని మర్చిపోలేదు.

నా అభ్యంతరం పంపడం మీద కాదు, పంపాక వాళ్ళ నోట చెప్పించుకునే మాట మీద. కార్పొరేట్ బడి పిల్లాడు లక్షలు కట్టి నాసా చూసొస్తే ఎవరికీ దండం పెట్టక్కర్లేదు. బాగాలేదు, బోరు కొట్టింది అని కూడా అనొచ్చు. మన పిల్లలు వెళ్ళేది ఎవరి జేబులోంచో కాదు. 2013 ఉప ప్రణాళిక చట్టం ప్రకారం మన జనాభా వాటా డబ్బు అది. అయినా తిరిగొచ్చిన పిల్ల ప్రతి మైకు ముందూ రుణపడి ఉండాలి. పూర్ణ మీద 2017లో వచ్చిన హిందీ సినిమా నాకు నచ్చింది, కానీ దర్శకుడు రాహుల్ బోస్ తానే ఆ అధికారి పాత్ర వేసుకున్నాడని చూసినప్పుడు కాస్త నవ్వొచ్చింది. ఆనంద్ పేరు మీలో ఎంతమందికి వెంటనే గుర్తొచ్చిందో మీరే చెప్పండి.

జ్ఞాపకాన్ని కత్తిరించే పని సావనీర్ దగ్గర ఆగదు. 2022లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలు మార్చింది. మనవాళ్ళు పైచదువులకి బయటకి వెళ్ళడానికి ఇచ్చే డబ్బు అది. భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాల మీద పరిశోధనకి ఇవ్వం అంది. అవి ఇక్కడే చదువుకోవచ్చట. వెళ్ళు, కానీ అక్కడ కూచుని మీ పేట గురించి రాయకు. ఆరు పేజీల్లో అయిదున్నర కొట్టేసిన టీచరు, ఈ నిబంధన రాసిన ఆఫీసరు ఒకరికొకరు తెలియకపోవచ్చు, పెన్ను మాత్రం ఒకటే.

విద్యార్థి సంఘాల మిత్రులు మెస్ బిల్లుల మీద, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద కొట్లాడుతున్నారు, అవే ముందు. అయితే ఇది కూడా పట్టించుకోండి. ఇంగ్లీషు గలగలా మాట్లాడే ముగ్గుర్ని ఏరడం కాకుండా లాటరీ తీసి పంపమనండి. పిల్లలు రాసింది రాసినట్టు అచ్చేయమనండి. చిన్నపిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకో, పద్దెనిమిది నిండగానో, ఏది ముందైతే అప్పుడు చెల్లిపోతుంది. ఫొటో దిగిన పెద్దల్లో ఒక్కరైనా, తర్వాత ఆ పాస్‌పోర్టులు ఏమయ్యాయని అడిగారా?

మా అమ్మాయిది ఎప్పుడో చెల్లిపోయింది. ఒకే ఒక్క ముద్ర ఉన్న ఆ పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచుకుంది. మొన్న కాలేజీలో కూచుని కొత్తదానికి దరఖాస్తు పెట్టించాం. రుసుము 1500, ట్యూషన్ చెప్పిన డబ్బుల్లోంచి తనే కట్టింది. పాతప్పుడు జిల్లా గడిలో తూర్పు గోదావరి అని ఉండేది. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ. ఆ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆమె ఆ గడి నింపి, స్పెల్లింగు రెండుసార్లు సరిచూసుకుంది.

"ఎక్కడికెళ్దామని?" అన్నాను. మళ్ళీ సింగపూర్ అంటుందనుకున్నా.

"ముందు కువైట్ అండి. అమ్మకి చూపించాలి."